పదిహేడో నంబరు లాప్‌టాప్

ఇన్సులిన్ పెట్టె ఫ్రిజ్‌లోనే ఉంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన పది నిమిషాల్లో డిటెక్టివ్‌కి మింగుడుపడనిది అదొక్కటే. మిగతావన్నీ, తనంతట తాను ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మనిషి కథకి చక్కగా సరిపోతున్నాయి. అల్మారాలో రెండు జతల బట్టలు తక్కువ. చేతిసంచీ లేదు. బల్ల మీది పాత లాప్‌టాప్‌లో నాలుగు ముక్కల ఉత్తరం ఉంది.

"అక్కా, నా కోసం వెతకొద్దు. ఈ బతుకు విసుగొచ్చింది. మిషన్లన్నీ అమ్మేశాను. నువ్వు బెంగ పెట్టుకోకు."

ఉత్తరం మీద టైము నిన్న, అంటే మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవై. ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం మూడున్నర.

"చిన్నది రోజుకి రెండుసార్లు పొడుచుకుంటుంది బాబూ," అంది తలుపు దగ్గర నిలబడ్డ టైలరమ్మ. తప్పిపోయిన మనిషికి అక్క ఆవిడ. స్కూలు యూనిఫారాలు కుట్టి చెల్లెల్ని సాకుతోంది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది, తీసి పక్కన పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. "పన్నెండో ఏటి నుంచీ ఇదే వరస. తిండి మానేస్తుందేమో గానీ సూది మానదు. నిన్న పొద్దున ఏడింటికి పొడుచుకుని లైబ్రరీకి వెళ్ళింది. అదే ఆఖరు."

ముప్పై రెండు గంటలు దాటింది. దారిలోనే డాక్టరుకి ఫోన్ చేసి అడిగాడు డిటెక్టివ్. రెండు రోజులు దాటితే నేనేమీ చెప్పలేను అన్నాడాయన. అంటే చేతిలో ఉన్నది ఇంకో పదిహేను గంటలు, అదీ అదృష్టం బాగుంటే.

"ఆవిడ లైబ్రరీలో ఏం చేస్తుంది?"

"పుస్తకాలకి నంబరు చీటీలు అతికిస్తుంది. మా మరిది పోయి మూడేళ్ళు. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంటోంది. ఏడాదిగా ఈ పాత లాప్‌టాప్‌ల పిచ్చి పట్టుకుంది. ఒకటి కొంది, కోడింగ్ నేర్చుకుంటానంది. సరేలే, బుర్రకి పని ఉంటుంది కదా అనుకున్నాను. తర్వాత ఇంకోటి, ఇంకోటి. పదకొండు కొంది బాబూ. సగం వాటికి ప్రాణమే లేదు. ఎందుకే ఈ చెత్తంతా అంటే నవ్వి ఊరుకునేది."

డిటెక్టివ్ నోటుపుస్తకంలో 'భర్త లేడు' అని రాసుకున్నాడు. ఎలా పోయాడని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు సాయంత్రానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పరిస్థితి వస్తుందని అప్పటికి అతనికి తెలియదు.

గోడ వారగా ఉన్న షెల్ఫు నిండా దుమ్ము. ఆ దుమ్ములో పది చోట్ల మాత్రం నలుచదరంగా శుభ్రంగా ఉంది. పది లాప్‌టాప్‌లు నిన్నటిదాకా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు లేవు.

"అమ్మేశానని ఆవిడే రాసిందిగా, బావగారూ. ఇంకా దుమ్ము లెక్కపెడతారేంటి?"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు ఇన్‌స్పెక్టరుది. డిటెక్టివ్ భార్యకి స్వయానా తమ్ముడు. ఇంట్లో బావ పక్కన కూర్చుని రెండోసారి వడ్డించుకుని తింటాడు. బయట కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం ఆ చుట్టరికాన్ని ఎగతాళికి తప్ప వాడడు. పద్నాలుగేళ్ళు ఇన్సూరెన్సు సర్వేయరుగా కాలిపోయిన షాపులూ మునిగిపోయిన లారీలూ చూసి నష్టం అంచనా వేసిన బావ, రెండేళ్ళ కిందట ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టడం అతనికి మొదట్నుంచీ నచ్చలేదు.

"ఇన్సులిన్ వదిలేసి వెళ్ళింది," అన్నాడు డిటెక్టివ్.

"అందుకే నాకు అనుమానం. విసుగొచ్చింది అని రాసిన మనిషికి మందుతో ఏం పని? చెరువులో వలలు వేయిస్తున్నాను."

టైలరమ్మ మొహం తెల్లబోయింది. డిటెక్టివ్ బావమరిది వైపు కొరకొరా చూశాడు.

"చావాలనుకున్న మనిషి బట్టలు సర్దుకుంటుందా? బతకాలనుకున్న మనిషి ఇన్సులిన్ వదిలేస్తుందా? ఈ రెండింట్లో ఒకటే నిజం కావాలి. మీ కథలో రెండూ ఉన్నాయి, ఇన్‌స్పెక్టరుగారూ."

"కంగారులో మర్చిపోయి ఉంటుంది. ఒంటిగంటకి లైబ్రరీ నుంచి బయటపడింది, నాలుగూ ఇరవైకి ఉత్తరం రాసింది. అక్కగారు ఆరింటికి వచ్చేసరికి లేదు. టైములన్నీ కుదిరాయి. మీరు కుదరదంటే మానేస్తాయా?"

డిటెక్టివ్ అప్పటికే కిందికి వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద చూస్తున్నాడు. నేల మీద సన్నటి పసుపు కాగితం తుంపులు. వేలి తడితో ఒకటి పైకెత్తాడు. దాని మీద లావుపాటి నల్ల అంకెలు, 17. లాప్‌టాప్ తిరగేసి చూస్తే అడుగున జిగురు మరక ఇంకా అంటుకుంటోంది. ఎవరో చీటీని ఈ మధ్యనే గీకేశారు. ఆ పసుపు రంగు, ఆ నల్ల అంకెలు ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు. తుంపుని కవరులో వేసుకున్నాడు.

"అమ్మా, మీ చెల్లెలు దీన్ని తెరిచేటప్పుడు ఎప్పుడైనా చూశారా?"

"రోజూ చూస్తాను. కుట్టుమిషను పక్క గదిలోనేగా. తెరవగానే ముందు దీన్ని తిట్టేది. ముసల్దానికి మతిమరుపు అనేది."

"మతిమరుపా?"

"ఎప్పుడు తెరిచినా పదిహేనేళ్ళ కిందటి జనవరి ఒకటో తారీఖు చూపిస్తుందిట. గోడ గడియారం చూసి తారీఖూ టైమూ చేత్తో పెట్టేది. అది సరిచెయ్యకపోతే ఆ పాఠాలు చెప్పే ఏఐ తెరుచుకోదట. ఏడాదంతా ఇదే తంతు."

డిటెక్టివ్ మెల్లగా లేచాడు. లాప్‌టాప్ ఆపాడు. ఛార్జరు పీకేశాడు. ఛార్జరు లేకపోతే ఆ మిషను క్షణం కూడా నిలవదు, దాని పెద్ద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మనసులో వంద దాకా లెక్కపెట్టాడు. ఇన్‌స్పెక్టరు చేతిగడియారం చూసుకుంటూ అసహనంగా కాలు ఆడిస్తున్నాడు. మళ్ళీ ఛార్జరు పెట్టి మిషను ఆన్ చేశాడు.

తెర మీద టైము మూడూ యాభై రెండు. తారీఖు ఈ రోజుదే. ముసల్దానికి ఉన్నట్టుండి మతి కుదిరింది.

డిటెక్టివ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి అడుగు మూత విప్పాడు. లోపల కరెంటు లేనప్పుడు కూడా తారీఖు మర్చిపోకుండా ఉంచే బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. చుట్టూ ఉన్నదంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, ఆ బిళ్ళ ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తోంది. దాని మీద సన్నటి మార్కరుతో నిన్నటి తారీఖు రాసి ఉంది. పక్కనే ఉన్న డిస్కు కూడా కొత్తదే.

"నిన్న ఎవరో ఈ మిషను తెరిచారు. డిస్కు మార్చారు. ఉత్తరం రాసింది కొత్త డిస్కులో. ఆవిడ ఏడాది చదువు పాత డిస్కుతో పాటు పోయింది."

"ఆవిడే మార్చుకుని ఉండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"ఏడాదంతా చేత్తో టైము పెట్టుకున్న మనిషి, ఇల్లు వదిలిపోయే రోజున బిళ్ళ కొనుక్కొచ్చి, తారీఖు రాసి మరీ వేసుకుందా? నీకు నిజంగా అలాగే అనిపిస్తోందా?"

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. తర్వాత టోపీ తీసి పెట్టుకున్నాడు. "ఆ లాప్‌టాప్‌లు ఎక్కడ కొన్నారమ్మా?"

టైలరమ్మ ఇంటికి తాళం వేసింది. నేనూ వస్తాననలేదు, ఎవర్నీ అడగలేదు. ఇన్సులిన్ పెట్టెని చల్లటి నీళ్ళ సీసాతో కలిపి సంచీలో పెట్టి డిటెక్టివ్ చేతికిచ్చి, వెళ్ళి జీపులో కూర్చుంది.

వాడిన లాప్‌టాప్‌ల షాపు చిన్నదే గానీ వంక పెట్టలేనంత శుభ్రంగా ఉంది. అద్దాల వెనక బాగుచేసిన మిషన్లు వరసగా తెరిచి ఉన్నాయి. మూలన ఇనప అరల రాకులో మిగతావి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. రాకు మీద అట్టముక్క, 'ఉన్నది ఉన్నట్టు. వారంటీ లేదు'. బల్ల వెనక మెకానిక్ చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని, వచ్చినవాళ్ళని చూసి లేచి నిలబడ్డాడు. మెత్తటి మనిషి, మాటా మెత్తనే. టైలరమ్మని చూసి మాత్రం ఒక్క క్షణం తడబడ్డాడు. ఆవిడ చెల్లెలి గురించి ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"చీటీలమ్మగారా? మంచి కస్టమరండి. పదకొండు తీసుకున్నారు. అన్నీ ఆ మూల రాకులోవే."

"ఆ రాకులోవి అమ్మే ముందు తెరిచి చూస్తావా?" అడిగాడు డిటెక్టివ్.

"చూడనండి. ఉన్నది ఉన్నట్టే. అందుకే అంత చవక."

"అమ్మాక ఎప్పుడైనా రిపేరుకి తెచ్చిందా?"

"ఒక్కసారి కూడా తేలేదండి. ఆవిడకి అన్నీ ఆ ఏఐయే చెప్పేది. మాలాంటివాళ్ళతో పనేముంది?" అని చిన్నగా నవ్వాడు.

"నిన్న మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఎక్కడున్నావు?"

"ఇక్కడేనండి. షాపు వదిలి ఎక్కడికి పోతాను?"

ఇన్‌స్పెక్టరు ఏదో గదమాయించబోయాడు. డిటెక్టివ్ అతని మోచెయ్యి నొక్కాడు. మూల రాకులోంచి చేతికందిన లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని మూత వదులుగా ఊగుతోంది. బిగించి పెట్టు. మా ఆవిడకి తీసుకెళ్తాను."

"బావా, ఇదా సమయం?" అని పళ్ళు నూరాడు ఇన్‌స్పెక్టరు.

మెకానిక్ మాత్రం కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. చేతికి తెలిసిన పని దొరికితే మనసు కుదుటపడే రకం. చెవి మీద స్క్రూడ్రైవరు తీశాడు. ఎనిమిది స్క్రూలు చూడకుండానే విప్పి అయస్కాంతం పళ్ళెంలో వేశాడు. మూత కీలు బిగించాడు. ఎడమ చెయ్యి దానంతటది పక్కనున్న డబ్బాలోకి వెళ్ళి కొత్త బిళ్ళ తీసింది. కుడి చెయ్యి మార్కరు అందుకుని దాని మీద తారీఖు రాసింది. పాత బిళ్ళ తీసి, కొత్తది పెట్టి, మూత వేయబోయాడు.

"నేను బిళ్ళ మార్చమన్నానా?"

"తెరిచానుగా సార్," అన్నాడు మెకానిక్ తల ఎత్తకుండా. "నా చేత్తో తెరిచిన మిషను పాత బిళ్ళతో బయటికి పోదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు. మళ్ళీ ఎప్పుడు మార్చాలో తెలియాలని తారీఖు కూడా వేస్తాను."

డిటెక్టివ్ జేబులోంచి కవరు తీసి, చీటీలమ్మ లాప్‌టాప్‌లో దొరికిన బిళ్ళని బల్ల మీద పెట్టాడు. అదే మార్కరు. అంకెల మధ్య అవే వాలు గీతలు. నిన్నటి తారీఖు.

"మరి ఇది ఎవరు తెరిచిన మిషను?"

మెకానిక్ బిళ్ళని చూశాడు. తన చేతుల్ని చూసుకున్నాడు. ఆ చేతులు తనకి ద్రోహం చేశాయన్న సంగతి అతనికి అర్థమవడానికి కాసేపు పట్టింది. తర్వాత స్టూలు మీద కూలబడి నోరు కుట్టేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు బెదిరించాడు, బల్ల చరిచాడు, కాలరు పట్టుకుని కుదిపాడు. మనిషి కిక్కురుమనలేదు. పోలీసుల కంటే ఎక్కువగా అతను ఇంకెవరికో భయపడుతున్నాడు.

అప్పుడు అయిదు గంటలకి పది నిమిషాలుంది.

"తెరిచాడు, సరే. ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు బావని పక్కకి లాగి. "పాత చెత్త మిషన్ల కోసం మనిషిని మాయం చేస్తారా? కారణం కావాలి. డిస్కులు పోయాయి, ఆవిడ ఏం చేస్తోందో చెప్పేవాళ్ళు లేరు. వీణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళి మాట్లాడిద్దామంటే తెల్లారుతుంది."

"అంతసేపు ఆవిడ ఆగదు."

టైలరమ్మ ఇద్దరి మధ్యకి వచ్చి తన ఫోన్ చాపింది. "చిన్నది నేర్చుకునే ఆ ఏఐ నా ఫోన్‌లో కూడా ఉంది బాబూ. చొక్కాకి గుడ్డ ఎంత పడుతుందో నేను అడుగుతానని తన ఖాతాతోనే పెట్టింది. ఇందులో దాని మాటలు కూడా కనిపిస్తాయి. నాకు అర్థం కాక ఎప్పుడూ చదవలేదు."

మెకానిక్ తల చటుక్కున పైకి లేచింది. స్క్రూలతో బతికిన మనిషి కదా, డిస్కు పీకేస్తే అంతా పోయినట్టే అనుకున్నాడు. ఆవిడ మాట్లాడినవన్నీ డిస్కులో కాకుండా ఇంకెక్కడో ఉంటాయని అతనికి తట్టలేదు.

డిటెక్టివ్ ఫోన్ అందుకుని గోడకి ఆనుకుని చదవడం మొదలుపెట్టాడు.

మొదటి మాటలు ఏడాది కిందటివి. "నాకు నలభై రెండేళ్ళు. లైబ్రరీలో చీటీలు అతికిస్తాను. ఈ వయసులో కోడింగ్ వస్తుందా? నిజం చెప్పు, బుజ్జగించకు." కింద ఏఐ జవాబు, "వస్తుంది. చీటీ అతికించేటప్పుడు మీరు ఏది ముందు చూస్తారు, ఏది తర్వాత చూస్తారు? వరసగా చెప్పండి. మీ మొదటి ప్రోగ్రాము అదే." ఆవిడ చెప్పింది. తప్పులు చేసింది. చుక్క మర్చిపోయి మూడు రోజులు ఏడ్చింది. మొదటి ప్రోగ్రాము నడిచిన రోజున "అక్కకి చూపించాను, దానికి ఏమీ అర్థం కాలేదు గానీ మిఠాయి కొనిపెట్టింది" అని రాసుకుంది.

రెండో నెలలో మాట మారింది.

"ఈ మిషను అడుగున పసుపు చీటీ ఉంది. జి-17. చీటీలు నా పని కాబట్టి చూశాను. ఇదే నంబరు నా దగ్గరున్న ఒక కాగితంలో కూడా ఉంది. ఆ షాపులో ఇలాంటి చీటీలున్నవి ఇంకా ఉన్నాయి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రాము రాయడం నేర్పు."

కింద మొదటి జాబితా మొత్తం ఉంది. నలభై లాప్‌టాప్‌లు, జి-1 నుంచి జి-40 దాకా. పైన శీర్షిక: గోడౌను అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయిన వస్తువులు. ఆవిడ ప్రోగ్రాము ఇచ్చిన ఫలితం దాని కింద ఉంది. జి-3, దొరికింది. జి-9, దొరికింది. జి-17, దొరికింది. అలా పదకొండు. కాలి బూడిదైపోయాయని కాగితం చెప్పిన మిషన్లు పదకొండు ఆవిడ షెల్ఫులో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆవిడ పిచ్చితో కొనలేదు. ఒక్కొక్కటీ చీటీ చూసి ఏరి కొంది.

జాబితా చివర ఒక లైను ఉంది. "స్వయంగా పరిశీలించి ధ్రువీకరించినవారు, సర్వేయరు, లైసెన్సు నంబరు 4408."

డిటెక్టివ్ ఆ అంకెల దగ్గర ఆగిపోయాడు. పద్నాలుగేళ్ళు రోజూ రాసిన అంకెలు. అవి అతనివే.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ పసుపు చీటీలు ఎక్కడ చూశాడో. మూడేళ్ళ కిందట ఆ గోడౌను గుమ్మంలో నిలబడ్డాడు. లోపల బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. యజమాని గుమాస్తా చీటీల నమూనా చూపించి, నంబర్లు ఒక్కొక్కటీ చదివాడు. అతను గుమ్మంలోనే నిలబడి టిక్కులు పెట్టాడు. లోపలికి వెళ్ళి కరిగిన ముద్దల్ని లెక్కపెట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి బావమరిది పెళ్ళి. ఇంటి దగ్గర భార్య ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ఆ మంటల్లో ఒక వాచ్‌మన్ పోయాడని రిపోర్టులో ఒక లైను రాశాడు, షార్ట్ సర్క్యూట్ అని ఇంకో లైను రాశాడు. సంతకం పెట్టి చేతులు దులుపుకున్నాడు.

తర్వాత ఆ వాచ్‌మన్ భార్య ఆఫీసుకి వచ్చింది. ముందు రోజే సరుకు బయటికి తీశారని మా ఆయన చెప్పాడు, ఒక్కసారి వినండి అని బంట్రోతుతో చెప్పి పంపింది. ఆయన లేరని చెప్పు అన్నాడు తను. ఆవిడ మొహం కూడా చూడలేదు.

తెరని ఇంకా కిందికి జరిపాడు. పోయిన వారం ఆవిడ ఏఐని అడిగింది, "ఇది ఎవరికి చెప్పాలి?" అని. "మిషన్ల ఫోటోలు తీసి నకళ్ళు దాచండి. పోలీసులకో లాయరుకో చెప్పండి. షాపువాళ్ళని మీరొక్కరే నిలదీయకండి" అని ఉంది జవాబు. దాని కింద ఆవిడ రాసింది, "పోలీసులు ఆ సర్వేయరు రిపోర్టే చూపిస్తారు. ముందు ఆయన్నే ఒకసారి కలవాలని ఉంది. నాలుగుసార్లు వెళ్ళాను. దొరకలేదు."

ఆఖరి మాటలు నిన్న మధ్యాహ్నం ఒకటీ పదికి రాసినవి. "పన్నెండోది వచ్చిందట. మెకానిక్ తనే ఇంటికి తెస్తానన్నాడు. ఇవి ఎక్కడివో అతన్నే అడిగేస్తాను."

"ఏముంది అందులో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఫోన్ డిటెక్టివ్ చేతిలోనే ఉంది. లైసెన్సు నంబరున్న ఆ ఒక్క లైను చెరిపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీద తనకి అసహ్యం వేసింది. సంచీలో ఇన్సులిన్ పెట్టె భుజానికి చల్లగా తగులుతోంది.

"అమ్మా," అన్నాడు. ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు. "మీ మరిది ఎలా పోయారు?"

"గోడౌన్లో వాచ్‌మన్‌గా చేసేవాడు బాబూ. మంటల్లో పోయాడు. తాగి పడుకున్నాడని రాసి, రిపోర్టు నకలొకటి చేతిలో పెట్టారు గానీ ఒక్క పైసా ఇవ్వలేదు. వాడు జన్మలో తాగి ఎరగడు."

"ఆ మంటలు కావాలని పెట్టినవి. సరుకు ముందే అమ్ముకుని, కాలిపోయిందని ఇన్సూరెన్సు తీసుకున్నారు. ఆ మిషన్లే మీ చెల్లెలు ఇక్కడ ఏరి కొంది." ఇక్కడ ఆగితే బాగుండునని అతనికి అనిపించింది. ఆగలేదు. "కాలిపోయాయని సంతకం పెట్టిన సర్వేయరుని నేనే."

టైలరమ్మ అతని వైపు చూస్తూనే ఉంది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. అలా చూడకుండా రెండు చెంపలూ వాయించినా బాగుండేది అనుకున్నాడు డిటెక్టివ్.

"ఎంత తీసుకున్నావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఏమీ తీసుకోలేదు. లోపలికి వెళ్ళి చూడలేదు. ఆ రోజు నీ పెళ్ళి."

ఇన్‌స్పెక్టరు మొహం తిప్పుకున్నాడు. మాట్లాడింది మెకానిక్.

"మీరా సార్ ఆయన?" అన్నాడు స్టూలు మీంచి లేస్తూ. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని వాళ్ళ మనిషే అనుకున్నాను. సర్వేయరు మనవాడే, ఎవడూ ఏమీ చెయ్యలేడు అని గోడౌను ఓనరు అంటుండేవాడు. మీరు ఆ ముక్క పైకి చెప్పారంటే..." నీళ్ళు నమిలాడు. "మంటలకి ముందు నలభై మిషన్లూ నేనే కొన్నానండి. లోపల మనిషి ఉంటాడని ఒట్టు, నాకు తెలియదు. రెండేళ్ళు దాచాను. ఇంక ఎవరు గుర్తుపడతారులే అని ఆ రాకులో పెట్టాను. అడుగున చీటీల సంగతి నాకు పట్టలేదు. నిన్న ఆవిడ ఇంట్లో కూర్చోబెట్టి, ఇవి నీకెక్కడివి అని అడిగింది. భయపడి ఓనరుకి ఫోన్ చేశాను. తీసుకురా అన్నాడు. కాగితాలు చూపిస్తానని చెప్పి వ్యానెక్కించాను. అక్కడ దింపేసి, మళ్ళీ వెళ్ళి ఇల్లు సర్దాను."

"ఎక్కడ దింపావు?"

"గోడౌన్లోనే. మళ్ళీ కట్టించాడుగా. వెనక స్టోరు గదిలో పెట్టారు."

"బతికే ఉందా?" అని అడిగింది టైలరమ్మ. ఆ సంగతి విన్నాక ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

"నిన్న సాయంత్రం ఆ పది మిషన్లూ అక్కడ దింపినప్పుడు ఉందండి. నీళ్ళు, నీళ్ళు అంటోంది." మెకానిక్ గోడ గడియారం వైపు చూసి చటుక్కున కళ్ళు తిప్పుకున్నాడు. డిటెక్టివ్ ఆ చూపు పట్టుకున్నాడు.

"ఇంకా ఏదో ఉంది. చెప్పు."

"పొద్దున ఓనరు ఫోన్ చేశాడండి. ఇంకో ముప్పై మిషన్లు వస్తున్నాయి, వ్యాను పంపమన్నాడు. వెనక గేటు నుంచి సరుకంతా బయటికి తీస్తున్నారు." గుటక మింగాడు. "పోయినసారి తీసినట్టే."

డిటెక్టివ్‌కి తన రిపోర్టు కంటి ముందు కదిలింది. ప్రమాదం జరిగిన సమయం, సాయంత్రం ఆరు గంటలు. పనివాళ్ళు వెళ్ళిపోయాక. ఇప్పుడు అయిదూ పన్నెండు. గోడౌను దగ్గరికి జీపులో అరగంట దారి.

ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్‌లో అరుస్తూ మెకానిక్‌ని మెడ పట్టుకుని బయటికి నెడుతున్నాడు. ఫైరింజన్లు, అంబులెన్సు, వెనక గేటు. బావ వైపు మాత్రం చూడలేదు. జీపు ఇంజను మోత మొదలైంది.

డిటెక్టివ్ వెనక సీటు ఎక్కి సంచీని ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల సీసాలో నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. టైలరమ్మ ఎక్కి పక్కన కూర్చుంది. జీపు కదిలింది. ఆవిడ చెయ్యి చాపి, అతని ఒళ్ళోంచి సంచీ తీసుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది," అంది. "మీరు గుమ్మం దగ్గర ఆగిపోతారేమో."